ముద్దుతో పాటు లెక్క కూడా కావాలి: కుక్కలు, పిల్లులు పెంచేవారికి బహిరంగ లేఖ

కుక్కనో పిల్లినో పెంచుకుంటున్న వారికి, తెచ్చుకోవాలని చూస్తున్న వారికి,

నమస్కారం.

పశువైద్యశాలల్లో పనిచేసే డాక్టర్లం, సహాయకులం, కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరమిది. మీ ప్రేమ మీద మాకెలాంటి అనుమానమూ లేదు. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చే కేసుల్లో ప్రేమ కరువైనవి తక్కువ, లెక్క కరువైనవి ఎక్కువ. బరువెంత, రోజుకు ఎన్ని గ్రాములు తింటుంది, నీళ్లు ఎన్ని తాగుతోంది, ఆఖరి టీకా ఏ తేదీన వేయించారు అని అడిగితే "అంతా మామూలుగానే ఉందండీ" అంటారు. కుక్కలు నొప్పిని బయటపడనివ్వవు, పిల్లులైతే మరీను. పైకి కనిపించేసరికి జబ్బు సగం దారి దాటి ఉంటుంది. అందుకని ఇంట్లో నాలుగు వస్తువులు పెట్టుకోమని అడుగుతున్నాం: వంటింటి డిజిటల్ కాటా, కొలత గీతలున్న జగ్గు, జంతువుకే కేటాయించిన డిజిటల్ థర్మామీటర్, ఒక నోట్‌బుక్. వీటితో ఏం చేయాలో, చేయకపోతే ఎక్కడ దెబ్బతింటారో కింద రాశాం.

ఇంకా తెచ్చుకోని వారికి ముందు రెండు మాటలు. కుక్క జాతిని బట్టి 10 నుంచి 13 ఏళ్లు బతుకుతుంది, చిన్న జాతులు ఇంకా ఎక్కువ. ఇంట్లోనే ఉండే పిల్లి 15 ఏళ్లు దాటడం మామూలే, 20 చూసినవీ ఉన్నాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి వేరు చేయకండి. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో అది తోబుట్టువులతో ఆడుకుంటూ నేర్చుకునేది అప్పుడే. కుక్కపిల్లలకు మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా లోకాన్ని అలవాటు చేసుకునే కాలం. గొడుగు, మిక్సీ చప్పుడు, చేతికర్ర పట్టుకున్న మనిషి, పరిగెత్తే పిల్లలు, ఇవన్నీ ఆ వారాల్లోనే భయపెట్టకుండా పరిచయం కావాలి. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా నేల మీద దించడం ప్రమాదమని చాలామంది నాలుగు నెలలు ఇంట్లోనే ఉంచేస్తారు. చంకనెత్తుకుని తిప్పండి, టీకాలు వేయించిన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లండి. పిల్లికూనలకు ఈ కాలం రెండో వారం నుంచి ఏడో వారం దాకానే, అంటే మీ చేతికి వచ్చేసరికే అయిపోతుంది. కాబట్టి కూన ఎక్కడ, ఎవరి చేతుల్లో పెరిగిందో అడిగి తెలుసుకోండి. మూతి నొక్కుకుపోయిన జాతులు కావాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ గురక ముద్దొచ్చే అలవాటేం కాదు, ఇరుకైన శ్వాసమార్గం చేసే చప్పుడు.

ఇక తిండి. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే, సులువుగా దిద్దుకోగలిగేదీ ఇదే. ఫోన్లో కాలిక్యులేటర్ తీయండి. బరువును కిలోల్లో తీసుకుని ఆ అంకెనే మూడుసార్లు వేసి గుణించండి. వచ్చినదానికి వర్గమూలం రెండుసార్లు నొక్కండి. దాన్ని 70తో గుణించండి. పది కిలోల కుక్కకైతే 10×10×10 అంటే 1000, వర్గమూలం 31.6, మళ్లీ వర్గమూలం 5.62, 70తో గుణిస్తే 394. ఊరికే పడుకుని ఉన్నా దాని ఒంటికి రోజుకు కావలసిన కిలోకేలరీలివి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే పెద్ద కుక్కకు దీన్ని 1.6తో గుణించాలి, సుమారు 630 వస్తుంది. ఆపరేషన్ అయిన పిల్లికి 1.2తో గుణిస్తే చాలు; నాలుగు కిలోల పిల్లికి దాదాపు 240. ప్యాకెట్ మీద కిలోకు ఎన్ని కిలోకేలరీలో రాసి ఉంటుంది. 3,600 అని ఉంటే ఆ పది కిలోల కుక్కకు రోజంతటికీ 175 గ్రాములు. దీన్ని కప్పుతో కొలవకండి. ఒకే కప్పును ఇంట్లో ఇద్దరు నింపితే ఇద్దరి కొలతా ఒకటి కాదు, పది గ్రాముల తేడా చిన్న పిల్లికి చిన్నదేం కాదు. పొద్దున్నే కాటా మీద రోజు మొత్తానికి తూచి ఒక డబ్బాలో పోయండి, ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి. బిస్కెట్లు, ట్రీట్లు, పళ్లెంలోంచి విదిలించే ముక్కలు అన్నీ కలిపి మొత్తం కేలరీల్లో పది శాతం దాటకూడదు.

ఈ లెక్క మొదలుపెట్టడానికి మాత్రమే. ఒకే బరువున్న రెండు కుక్కలకు అవసరం చాలా తేడాగా ఉండొచ్చు. సరిపోతోందో లేదో చెప్పేది చెయ్యి. ఒక చేతిని బల్ల మీద అరచెయ్యి కిందికి ఉండేలా చాపి, రెండో చేతి వేళ్లతో ఆ చేతి వెనకభాగం తడమండి. పైపైన చర్మం, కింద ఎముకలు తెలుస్తాయి. పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కచిక్కినట్టు. అరచెయ్యి తడిమినట్టు, నొక్కితే గానీ ఎముక తెలియకపోతే లావెక్కినట్టు. పైనుంచి చూస్తే నడుము దగ్గర లోపలికి వంపు ఉండాలి. బొచ్చు కుక్కల్లో, పిల్లుల్లో కన్ను మోసం చేస్తుంది కాబట్టి తడమడమే నమ్మకం. లావెక్కిన పిల్లిని ఒక్కసారిగా పస్తు పెట్టకండి. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలోకి చేరి కాలేయమే చెడిపోతుంది. కాబట్టి ఏ పిల్లయినా ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే "అలిగిందిలే" అని ఊరుకోకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. కుక్కల తిండి పిల్లికి పెట్టి పెంచడమూ కుదరదు. పిల్లికి తిండిలోంచే అందాల్సిన టారిన్ అనే పోషకం తగ్గితే గుండె కండరం, కంటి రెటీనా దెబ్బతింటాయి.

నెలకోసారి తూకం వేసి రాసుకోండి. కుక్కనైతే ఎత్తుకుని మనుషుల కాటా మీద నిలబడి, మీ బరువు తీసేయండి. పిల్లికి ఈ పద్ధతి పనికిరాదు, ఆ కాటాల తేడానే దాని జబ్బును మింగేస్తుంది. పసిపిల్లలను తూచే కాటా వాడండి, లేదా క్లినిక్‌కి తెస్తే ఒక్క నిమిషం పని. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు. కంటికి కనిపించదు, కాగితం మీద కనిపిస్తుంది. వయసు మళ్లిన పిల్లి బాగా తింటూనే సన్నబడుతుంటే థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించాలి. నీళ్లు ఎక్కువ తాగుతోందనిపిస్తే జగ్గుతో కొలిచి పోసి, 24 గంటల తర్వాత మిగిలింది కొలవండి. కిలో బరువుకు రోజుకు కుక్క 100 మిల్లీలీటర్లు, పిల్లి 50 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే కిడ్నీ జబ్బు ఉందా, షుగర్ ఉందా, ఆపరేషన్ కాని ఆడకుక్కకైతే గర్భాశయంలో చీము ఉందా అని వెతకాల్సిందే. "ఎక్కువ తాగుతోంది" అని చెబితే మేం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. "పది కిలోల కుక్క, నిన్న లీటరున్నర తాగింది" అంటే సగం పని మీరే చేసినట్టు.

టీకాల మాటకొస్తే, "ఒకటి వేయించాం కదా, మళ్లీ ఎందుకు?" అన్న ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. పుట్టిన పిల్లకు తల్లి ముర్రుపాలలోంచి రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఉన్నన్నాళ్లూ అది టీకాను కూడా శత్రువనుకుని చంపేస్తుంది. అది ఏ వారంలో తగ్గుతుందో పిల్లపిల్లకూ మారుతుంది, బయటికి చూస్తే తెలియదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి చొప్పున, 16 వారాలు నిండేదాకా వేస్తూ పోతాం. 12 వారాలకే ఆపేసిన కోర్సులు కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే పార్వో వైరస్ చేతిలో ఓడిపోవడానికి కారణం ఇదే. ఆరు నెలలకో ఏడాదికో ఒక బూస్టర్, ఆ తర్వాత డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్‌లకు మూడేళ్లకోసారి సరిపోతుంది. ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరాకు మాత్రం ఏటేటా వేయించాలి. పిల్లులకు ముఖ్యమైనవి పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి వైరస్‌ల టీకాలు. బయటికే వెళ్లని పిల్లికి ఎందుకంటారు; పాన్‌ల్యూకోపీనియా వైరస్ మీ చెప్పుల మీద కూడా లోపలికి వస్తుంది. టీకా మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటేనే పనిచేస్తుంది. కొని జేబులో వేసుకొచ్చి ఇంట్లో వేయించుకున్న టీకాను మేం లెక్కలోకి తీసుకోం.

పార్వోతో ఒక కుక్కపిల్ల పోయిన ఇంట్లోకి వెంటనే ఇంకోదాన్ని తేవద్దు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికుంటుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ దాన్ని ఏమీ చేయలేదు. ముందు సబ్బుతో మురికంతా కడిగి, తర్వాత ఒక వంతు మామూలు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు, అంటే లీటరుకు సుమారు 33 మిల్లీలీటర్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. మురికి మీద నేరుగా బ్లీచ్ పోస్తే దాని బలం మురికికే ఖర్చైపోతుంది.

రేబిస్ మిగతావాటితో కలిపి చెప్పదగ్గది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారు, మనుషులకు సోకిన కేసుల్లో 99 శాతం దాకా కుక్కల ద్వారా వచ్చినవే. లక్షణాలు మొదలయ్యాక బతికినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మొదటి టీకా 12 వారాల వయసులో, ఏడాదికి బూస్టర్, ఆ తర్వాత ఆ మందు, మీ ప్రాంతపు చట్టం ఎలా చెబితే అలా ఏటా లేదా మూడేళ్లకోసారి. మీ కుక్క గానీ పిల్లి గానీ ఎవరినైనా కరిస్తే, గీరితే వాదన తర్వాత పెట్టుకోండి. గాయాన్ని ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడిగించండి. పసుపు, కారం, కాఫీ పొడి లాంటివేవీ పెట్టనివ్వొద్దు. టీకా వేయించిన కుక్కే అయినా వాళ్లను డాక్టర్ దగ్గరికి పంపండి, టీకా కాగితం ఫోటో చేతికివ్వండి. మీ జంతువును పది రోజులు ఇంట్లోనే ఉంచి గమనించండి. ఉమ్మిలోకి వైరస్ వచ్చిన కొద్ది రోజుల్లోనే జంతువు జబ్బుపడి చనిపోతుంది కాబట్టి, పదో రోజుకు ఆరోగ్యంగా ఉంటే కరిచిన రోజున ఉమ్మిలో వైరస్ లేనట్టే. అలాగని కరిపించుకున్న మనిషి ఆ పది రోజులూ చికిత్స ఆపుకుని కూర్చోకూడదు, రెండూ పక్కపక్కనే నడవాలి.

కడుపులో పురుగుల మందు కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుంచే మొదలవుతుంది. తొందరెందుకంటే ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరతాయి. పాలు మానేదాకా రెండు వారాలకోసారి, ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి ఇవ్వాలి. పిల్లికూనలకు మూడో వారం నుంచి. ఇచ్చే రోజున తూచి ఇవ్వండి, పోయిన నెల బరువుకు ఇస్తే పెరిగే పిల్లకు మోతాదు చాలదు. తోక కింద తెల్లటి గింజల్లాంటివి కదులుతుంటే అవి బద్దెపురుగు ముక్కలు. వాటికి ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కావాలి, పైగా ఒంటి మీది ఫ్లీ పురుగులను మింగడం వల్ల వచ్చేవి కాబట్టి వాటినీ వదిలించకపోతే నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి. పశువుల కోసం అమ్మే ఐవర్‌మెక్టిన్‌ను అంచనాగా పొడిపించడం మానుకోండి. కోలీ తరహా గొర్రెల కాపరి జాతుల్లో చాలా కుక్కలకు ఆ మందును మెదడులోకి పోకుండా అడ్డుకునే జన్యువు లోపించి ఉంటుంది. ఆ మోతాదుకు మూర్ఛలు వచ్చి కోమాలోకి పోతాయి.

వీధిలో, పార్కులో మీ కుక్క వెళ్లిన మలం ఎత్తకపోవడాన్ని మర్యాదకు సంబంధించిన విషయంగానే చూస్తారు. నిజానికి ఏలికపాము గుడ్లు వదిలిన రోజున ఎవరికీ సోకవు. మట్టిలో కనీసం రెండు వారాలు గడిచాకే సోకే దశకు వస్తాయి, వచ్చాక ఏళ్ల తరబడి ఉంటాయి. అంటే అదే రోజు ఎత్తేస్తే ప్రమాదం దాదాపు సున్నా. వానకు కొట్టుకుపోతుందిలే అని వదిలేసిన చోట ఆర్నెల్ల తర్వాత మట్టిలో ఆడుకునే పిల్లల కంటిలోకి, కాలేయంలోకి ఆ లార్వాలు చేరతాయి. పిల్లి మలానికీ ఇలాంటి గడియారమే ఉంది. గర్భంలోని బిడ్డకు ప్రమాదమైన టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు ఒకటి నుంచి అయిదు రోజుల్లో సోకే దశకు వస్తాయి కాబట్టి లిట్టర్ ట్రే రోజూ శుభ్రం చేయాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరేవాళ్లు చూసుకోవాలి, ఎవరూ లేకపోతే గ్లౌజులతో చేసి చేతులు కడుక్కోవాలి. పిల్లిని వదిలించుకోవాల్సిన పనేమీ లేదు.

పిడుదుల సంగతి. నాలుగు పిడుదులు పీకి పారేస్తే తీరిపోదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు నేల మీదికి రాలి, గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకు మందు వేసినా ఇంటిని పట్టించుకోకపోతే రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. పీకేటప్పుడు సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేస్తే అది కడుపులో ఉన్నదంతా గాయంలోకి కక్కుతుంది, ఎర్లిషియా, బబేసియా లాంటి జబ్బులు పిడుదుల నుంచే వస్తాయి. చుక్కల మందు వెంట్రుకల మీద పోస్తే వృథా. భుజాల మధ్య బొచ్చు పాయ తీసి చర్మానికి తగిలేలా పోయాలి, ముందు వెనక రెండు రోజులు స్నానం వద్దు. కుక్కల మందు పిల్లికి వేయడం మాత్రం చంపడమే. వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్‌ను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. ఒణుకు, మూర్ఛ గంటల్లోనే మొదలవుతాయి. కుక్కకు వేసిన మందు ఆరేదాకా రెండిటినీ వేర్వేరు గదుల్లో ఉంచండి.

మనుషుల మందులూ అంతే. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు: రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. వంటింట్లో ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్తకణాలను పగలగొడతాయి, ఉడికినా ఎండినా వాటి విషం పోదు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీకి చేటు, ఎన్ని తింటే అన్న లెక్క ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక్కటీ పెట్టకపోవడమే లెక్క. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత ప్రమాదం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లోని జైలిటాల్ కుక్కకు అరగంట, గంటలోనే షుగర్ పడిపోయేలా చేసి, ఆపైన కాలేయాన్ని పట్టుకుంటుంది. పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీ పూలగుత్తి పెట్టొద్దు. ఒంటి మీద పడిన పుప్పొడిని నాకినా, వాజులో నీళ్లు తాగినా మూడు రోజుల్లో కిడ్నీలు ఆగిపోతాయి. ఏదైనా మింగిందని తెలిస్తే ఉప్పునీళ్లు పోసి కక్కించకండి, ఆ ఉప్పే రక్తంలో సోడియం పెంచి మెదడును దెబ్బతీస్తుంది. ప్యాకెట్, మింగిన టైము, జంతువు బరువు, ఈ మూడూ పట్టుకుని బయల్దేరుతూ ఫోన్ చేయండి. పిల్లి నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు. లోపలి కొస ఎక్కడో చిక్కుకుని ఉంటే, లాగినప్పుడు పేగు కోసుకుపోతుంది.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మీద వాదనలు చాలా వింటుంటాం. "ఒక్క కాన్పైనా కావాలి, లేకపోతే దాని ఆరోగ్యం పాడవుతుంది" అన్నదానికి వైద్యంలో ఆధారం ఏమీ లేదు. పిల్లి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు, జతకట్టాకే దానికి అండం విడుదలవుతుంది కాబట్టి గురి తప్పడం అరుదు, పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు. అందుకే అయిదు నెలల లోపే చేయించమంటాం. ఆరు నెలల లోపు చేయిస్తే పిల్లుల్లో రొమ్ము కణితులు దాదాపు 90 శాతం తగ్గుతాయి. కుక్కల్లో తొందరపడాల్సిన పని లేదు. పెద్ద జాతుల్లో ఎముకల చివర్లు మూసుకునేదాకా, అంటే ఏడాది దాటేదాకా ఆగమని చెబుతాం. ఆగినన్నాళ్లూ ఎదకు వచ్చిన మూడు వారాలు లీష్ (మెడపట్టీకి తగిలించే తాడు) లేకుండా బయటికి వదలకూడదు. ఆపరేషన్ కాని ఆడకుక్క ఎద అయిన నెల, రెండు నెలలకు నీళ్లు తెగ తాగుతూ, తిండి మానేసి, కింద స్రావం కనిపిస్తే గర్భాశయంలో చీము పట్టిందని అనుమానించాలి. స్రావం కనిపించనిది ఇంకా ప్రమాదం, చీమంతా లోపలే ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కేలరీల అవసరం పాతిక శాతం దాకా పడిపోతుంది. తిండి తగ్గించకుండా "ఆపరేషన్ వల్ల లావైంది" అంటే అది ఆపరేషన్ తప్పు కాదు.

ఇప్పుడు ఇరుగుపొరుగు సంగతి. "మా కుక్క ఏమీ అనదండీ" అన్న మాట దారినపోయేవాళ్లకు ధైర్యమివ్వదు, ఆ ధైర్యమిచ్చేది మీ చేతిలోని లీష్. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పొడవు చాలు. చక్రంలోంచి సాగే తాడు రోడ్డు పక్కన వద్దు, ఎదురుగా బండి వచ్చేసరికి ఎనిమిది మీటర్ల అవతల ఉన్న కుక్కను ఆపలేరు. మెడపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వెనక్కి జరిగి తల బయటికి లాక్కుంటుంది. పెరిగే పిల్లకు వారానికోసారి చూడండి, బిగిసిపోయిన పట్టీ చర్మంలోకి దిగిపోయేదాకా బొచ్చు మాటున కనిపించదు.

కరిచే కుక్కల్లో ఎక్కువ భాగం ఆ ఇంటివో, తెలిసినవో. కరవడానికి ముందు కుక్క చాలాసార్లే చెబుతుంది: తిండి లేకుండానే పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలింత, తల తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం. చివరికి గుర్రుమంటుంది. ఆ గుర్రుమన్నందుకు కొడితే అది మానేది గుర్రుమనడాన్నే, కోపాన్ని కాదు. తర్వాతిసారి చెప్పకుండా కరుస్తుంది. "హఠాత్తుగా కరిచింది" అని వచ్చే కుక్కల్లో ఇలా నోరు మూయించినవి కొన్ని ఉంటాయి. పసిపిల్లల ముఖం కుక్క నోటి ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఎంత మంచి కుక్కతోనైనా వాళ్లను ఒంటరిగా వదలకూడదు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకూడదని ముందు నేర్పాల్సింది పిల్లలకే.

మొరుగుడు గురించి ఫిర్యాదు వస్తే ముందు ఫోన్ కెమెరా పెట్టి బయటికి వెళ్లండి. మొదటి అరగంటలోనే తలుపు గీరుతూ, చొంగ కారుస్తూ అరుస్తుంటే అది ఒంటరితనపు భయం. కిటికీలోంచి ఎవరైనా కనిపించినప్పుడే అరుస్తుంటే కిటికీ కింది భాగానికి మసక కాగితం అంటిస్తే చాలావరకు తగ్గుతుంది. రెండిటికీ మందు వేరు, షాక్ కొట్టే పట్టీ మాత్రం రెండిటినీ ముదరబెడుతుంది.

పిల్లి ట్రే బయట మూత్రం పోస్తే పగ తీర్చుకుంటోందని అనుకోకండి. ముందు మూత్రపరీక్ష, తర్వాత ట్రే. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ ట్రేలు, ఒక్కోటి పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, వాసన కలపని ఇసుక, తిండి గిన్నెకు దూరం. ట్రేలన్నీ ఒకే మూల పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే ట్రే. మగపిల్లి పదేపదే ట్రేలో కూర్చుని, ముక్కుతూ, చుక్క కూడా పోయకపోతే మలబద్ధకమనుకుని తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రం మూసుకుపోతే పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగుతుంది. రాత్రి రెండింటికి ఫోన్ చేసినా మేం విసుక్కోని కేసు ఇది.

అలాంటివి ఇంకొన్ని. ఛాతీ లోతుగా ఉన్న పెద్ద కుక్క కడుపు ఉబ్బి, కక్కబోతూ ఏమీ రాకపోతే కడుపు మెలిపడిందేమో, ఆలస్యం లేకుండా ఆపరేషన్ జరగాలి. చిగుళ్లు తెల్లబడితే, నీలిరంగుకు తిరిగితే ఆగొద్దు. వేలితో చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీరంగు తిరిగి రావాలి. ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా మామూలే. మనకు జ్వరమైన అంకె వాటికి కాదు. ఎండదెబ్బకు 41 దాటితే ముందు చల్లబరచాలి, తర్వాతే ప్రయాణం. ఒళ్లంతా కొళాయి నీళ్లు పోస్తూ ఫ్యాన్ గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడిని లోపలే బంధిస్తుంది. 39.5కు దిగగానే ఆపి బయల్దేరండి. బయట 24 డిగ్రీలే ఉన్నా ఆపి ఉంచిన కారు లోపల పది నిమిషాల్లో 34 అవుతుంది, అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా ఉండదు.

గుండె జబ్బును ఇంట్లోనే పసిగట్టే పని ఒకటుంది, ఖర్చు లేనిది. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చోండి. పక్కటెముకలు పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. కలలో కాళ్లు ఆడిస్తుంటే, ఎండలో పడుకుని ఉంటే ఆ లెక్క వద్దు. కుక్కకైనా పిల్లికైనా నిమిషానికి 30 లోపు ఉండాలి. వారానికోసారి రాసుకుంటే మీ జంతువు మామూలు లెక్క 18 అనో 22 అనో తేలుతుంది. రెండు మూడు రోజులు వరసగా 30 దాటితే, దగ్గు, ఆయాసం ఏమీ లేకపోయినా, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం మొదలైందేమో చూడాలి. ఆ దశలో పట్టుకుంటే మాత్రలతో సర్దుకునేది, పట్టుకోకపోతే ఆక్సిజన్ గదిలో తేలుతుంది.

మైక్రోచిప్ వేయించినవారిలో చాలామంది అదెక్కడుందో కనిపెడుతుందనుకుంటారు. అందులో బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. 12 మిల్లీమీటర్ల గొట్టంలో 15 అంకెల సంఖ్య మాత్రం ఉంటుంది, స్కానర్ పెడితేనే పలుకుతుంది. ఆ సంఖ్యకు ఎదురుగా మీ ఫోన్ నంబర్ నమోదు కాకపోతే, నంబర్ మారినప్పుడు మార్చకపోతే చిప్ ఉన్నా లేనట్టే. ఏటా టీకాకు వచ్చినప్పుడు స్కాన్ చేసి చూపించమని అడగండి, ఒక్కోసారి జరిగి భుజం మీదికి పోతుంది. మెడపట్టీకి ఫోన్ నంబర్ బిళ్ల ఎలాగూ ఉండాలి, దొరికినవాళ్ల ఇంట్లో స్కానర్ ఉండదు కదా.

ఆఖరిది, మీరు పెంచలేని పరిస్థితి వస్తే. ఉద్యోగం మారొచ్చు, ఆరోగ్యం దెబ్బతినొచ్చు, మేం తప్పు పట్టం. ఇంటి జంతువును తెలియని చోట వదిలేస్తే అది తిండి వెతుక్కోలేదు, దారి దాటలేదు, అక్కడి కుక్కలు రానివ్వవు. నెల రోజుల ముందే మాకో, జంతు సంరక్షణ కేంద్రానికో చెప్పండి. కొత్త చోటు వెతకడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. అప్పగించేటప్పుడు ఒక కాగితం రాసివ్వండి: పుట్టిన నెల, టీకాల తేదీలు, పురుగుల మందు ఆఖరిసారి ఎప్పుడు, రోజూ ఏ తిండి ఎన్ని గ్రాములు, ఏ మందు పడదు, దేనికి భయపడుతుంది, ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా. కరిచిన సంగతి దాచి ఇస్తే పది రోజుల్లో తిరిగి వస్తుంది, అప్పుడు తీసుకునేవాళ్లు ఉండరు. తిండి డబ్బాలోంచి రెండు వారాలకు సరిపడా కూడా పంపండి. కొత్త తిండిని మొదటి రోజు నాలుగో వంతు, మూడో రోజుకు సగం, అయిదో రోజుకు ముప్పాతిక, వారానికి పూర్తిగా మార్చాలని ఆ కాగితం అడుగున రాయండి, లేకపోతే విరేచనాలు పట్టుకుని కొత్త ఇంటివాళ్లు మొదటి వారంలోనే బెదిరిపోతారు.

ఇట్లు,
కొందరు పశువైద్యులు, క్లినిక్ సహాయకులు, కుక్కల శిక్షకులు